ఒకటే సూది

ఇంద్రాణి పొద్దున్నే ఉప్మా కలుపుతుంటే కూతురు ప్రసన్న తన కంచం విడిగా కడిగి పెట్టుకుంటోంది. కొన్నాళ్లుగా ఇదే తంతు. గ్లాసు వేరు, చెంచా వేరు. తమ్ముడు ఆమె కంచంలో చేయి పెట్టబోతే కసిరి ఏడిపించింది కూడా. ఇంటర్‌కు రాగానే పిల్లకు పొగరెక్కిందని ఇంద్రాణి సణిగింది. భర్త మధు అదేమీ పట్టనట్టు దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల దుకాణం తెరవడానికి వెళ్లిపోయాడు.

అత్త అండాలమ్మ మాత్రం మనవరాలి మొహమే చూస్తోంది. "పొగరు కాదు ఇంద్రాణీ. పిల్ల దేనికో భయపడుతున్నది," అంది.

అంతలో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. నిన్న మధ్యాహ్నం ప్రసన్న క్లాసులో లేదట. ఇంద్రాణి పొయ్యి ఆపేసింది.

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడమ్మా. దవాఖానకు పోయిన."

ప్రసన్న చేతి గడియారం తీసింది. పట్టీ కింద చిన్న సీతాకోకచిలుక పచ్చబొట్టు. ఎండాకాలంలో జాతరకు పోయినప్పుడు చిన్నాన్న కూతుళ్లతో కలిసి వేయించుకుందట. అందరికీ ఒకటే సూది. ఆమధ్య కాలేజీకి వచ్చిన డాక్టరమ్మ, అట్లాంటి సూదితో హెచ్ఐవీ వచ్చే ప్రమాదం ఉందని చెప్పగానే ప్రసన్నకు భయం పట్టుకుంది, ఆ రోజే కంచం, గ్లాసు వేరు చేసుకుంది. నిన్న పరీక్ష చేయించుకుందామని ఎల్‌బీ నగర్‌లో సర్కారు దవాఖానకు ఒక్కతే వెళ్లింది. పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి అమ్మనో నాన్ననో తోడు తెచ్చుకోమన్నారు. ఆ మాట ఇంట్లో అడగలేక ఇట్లా నలిగిపోతోంది.

ఇంద్రాణి గడియారం పట్టీ మళ్లీ బిగించి పచ్చబొట్టు కప్పేసింది. పరీక్ష మాటే ఎత్తొద్దంది. దుకాణానికి వచ్చే ఆడవాళ్లు ఎవరైనా అక్కడ చూస్తే ఏమనుకుంటారు, రేపు సంబంధం ఎవరు కలుపుకుంటారు అంటూ ఒకటే గొణుగుడు.

"నేను గిట్ల భయపడుకుంటనే బతకాల్నా అమ్మా?" అంది ప్రసన్న.

అండాలమ్మ లేచి వచ్చి తన ముంజేయి చూపించింది. పాతబడిన పచ్చబొట్టు, ఆకుపచ్చగా మసకబారింది.

"మా వాడకట్టు ఆడపిల్లలందరికీ ఒకటే సూదితోని పొడిచిన్రు. మాకు తెల్వదు. దీనికి తెలిసింది, చేయించుమని అడుగుతున్నది. నాకు గూడ చేయించు. ఎవరన్న అడిగితే ముసల్దాన్ని తోలుకొచ్చిన అని చెప్పు."

ఏడుస్తున్న ప్రసన్నకు నవ్వొచ్చింది. ఇంద్రాణి చీర మార్చుకుంది.

దవాఖానలో సలహాలు చెప్పే ఆమె మెల్లగా మాట్లాడింది. కలిసి తింటే రాదని, ఒకవేళ ఉన్నా మందులతో నిండు జీవితం బతకొచ్చని, విషయం గోప్యంగా ఉంటుందని చెప్పింది. అండాలమ్మ ముందుగా చేయి చాపింది. అది చూసి ప్రసన్న కూడా చాపింది.

ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. వేయించుకుని మూడు నెలలు దాటింది కాబట్టి ఇక బెంగ అక్కర్లేదన్నారు. ఇంద్రాణి చేతులెత్తి ఆ సలహాలు చెప్పినామెకు దండం పెట్టింది, తర్వాత అత్తకు పెట్టింది.

బయటికొస్తూ వరండాలో ఆగింది. "నిన్న వచ్చినప్పుడు ఎక్కడ కూసున్నవ్?"

ప్రసన్న తలుపు పక్క బల్ల చివర చూపించింది. ఒక్కతే, కాలేజీ సంచీ ఒళ్లో పెట్టుకుని. ఇంద్రాణి అక్కడే కూలబడి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇంకోసారి ఏమన్న అయితే నాకే చెప్పు బిడ్డా. తిడ్త. తిట్టుకుంటనే నీ ఎంట వస్త."