పేరంటాలు పసుపు స్నానం

పీలమేడు దాటి తూర్పుగా పోతే, రేకుల షెడ్లు అయిపోయిన చోట ఒక కంచె తోట ఉంది. పొద్దు గూకినాక ఆ పక్కన ఎవరూ నడవరు. బండ్ల మీద పోయేవాళ్ళు కూడా చుట్టు తిరిగే పోతారు. ఆ తోట బావిలో రాత్రిపూట ఎవరో స్నానం చేస్తారని... బుడబుడమని నీళ్ళు పోసుకుంటారని... చూసినవాళ్ళ కళ్ళు పోతాయని పేరు.

ఆ ఎవరో పరాయిది కాదు — ఆ తోట చూసుకునే పంకజవల్లి ఇంటి పేరంటాలే. ఆరు తరాల కింద ఆ బావి తవ్వితే చుక్క పడలేదట. ఇంటి కోడలు ఒంటినిండా పసుపు రాసుకుని, చేత దీపం పట్టుకుని మెట్లు దిగిందట. ఆమె మళ్ళీ పైకి రాలేదు... నీళ్ళు వచ్చినాయి. అప్పటినుంచి ఇంట్లో ఏ శుభానికైనా ఆ బావి నీళ్ళే తీర్థం. ఆ తోటలో చెప్పులు వేయకూడదు.

ఏడేళ్ళ కింద బావి నీళ్ళు పసుపురంగు తిరిగినాయి.

"అమ్మ మళ్ళా పసుపాడుతా ఉంది అక్కా," అని మొదట చెప్పింది తమ్ముడు నవనీతకృష్ణనే. పక్క రోడ్డులో అతనికి పట్టరై ఉంది — బోల్టులకూ బైకు సామాన్లకూ రసాయనాల తొట్లలో ముంచి మెరుపు పూత వేసే షెడ్డు. "రాత్రిపూట స్నానమయ్యేదాకా ఎవరూ అటు పోకూడదు. నువ్వైనా సరే."

పంకజవల్లికి ఒళ్ళు పులకరించింది. ప్రతి శుక్రవారం ఒక ఉద్ధరిణి నోట్లో పోసుకునేది. నాలుక మీద ఇనుప రుచి తగిలేది. అమ్మ కాలి మెట్టెల రుచి అనుకుని కళ్ళకద్దుకునేది.

తోట మాత్రం ఏటికేడు చెడింది. పసుపు నాటితే కొమ్ము ఊరలేదు. కొబ్బరి పిందెలు పిందెలుగానే రాలినాయి. గడ్డపార వేస్తే మట్టి పెచ్చులుగా లేచేది. ఒక్క వానపాము కనబడేది కాదు. తోటకూర ఒక్కటే మోకాలెత్తు పెరిగేది.

కూలికి వచ్చే సెల్లాయి పాదాలకు గుండ్రటి పుండ్లు పడినాయి — ఉలితో తొలిచినట్లు గుంటలు, చీము కారుతూ.

"ఈ మట్టి నన్ను తింటా ఉంది అమ్మణీ," అంది సెల్లాయి మెల్లగా. "చెప్పులేసుకోనా?"

"పేరంటాలు తోటలో చెప్పులా! లెంపలేసుకో."

సెల్లాయి లెంపలేసుకుంది.

ఇంతలో తమ్ముడి కోడలు కృత్తికకు ఏడో నెల వచ్చింది. పొల్లాచ్చి పిల్ల, నిరుడు ఒక కడుపు నిలవలేదు. ఈసారి సీమంతానికి తెల్లారి ముహూర్తం. కడుపుతో ఉన్న పిల్లకు ముందు మూడు ఉద్ధరిణుల తీర్థం, ఆ తర్వాతే గాజులు.

"పసుపు నీళ్ళు తాగితే బిడ్డ బంగారంలాగా పుడుతుందా పెద్దత్తా?" అని నవ్వింది కృత్తిక.

"నీ నోరు అమ్మ వింటా ఉంటుంది కన్నూ. ఊరికే ఉండు."

ఎప్పుడూ కోడి కూసినాక పోయేది. ఆ రోజు ముహూర్తం కోసం మూడున్నరకే ఇత్తడి బిందె తీసుకుని బయలుదేరింది పంకజవల్లి. కంచె దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టిందో లేదో —

బుడ... బుడ... బుడ...

అమ్మ స్నానం ఇంకా ముగియలేదు!

గబుక్కున కొంగు కళ్ళ మీదికి లాక్కుంది. "తప్పైంది తల్లీ... చూడను... చూడను..."

వాసన వచ్చింది. పసుపు వాసన కాదు. పాత బ్యాటరీ పగిలినట్లు, ముక్కులో సూది గుచ్చినట్లు...

చప్పుడు ఆగింది.

అప్పుడు — పేరంటాలు దగ్గింది. మగగొంతుతో. కాండ్రించి, బావిలోకి ఉమ్మింది.

పంకజవల్లి కొంగు తీసింది.

బావి గట్టు మీద కొండచిలువంత గొట్టం. దాని తోక ఒక ట్యాంకర్ లారీ కడుపులో ఉంది. దీపాలార్పిన లారీ. సెల్‌ఫోన్ వెలుగులో గొట్టం మూతి నుంచి ఇంకా కారుతోంది — చిక్కగా, పచ్చగా, చీములాగా. గట్టు మీద ఒలికింది తోటకూర మళ్ళలోకి పాకుతోంది.

"బిన్నా, తొందరగా కానీ డ్రైవరూ..." ఫోను పట్టుకున్న మనిషి గుసగుసలాడాడు. "మా అక్క బిందె తీసుకుని వచ్చే వేళైంది."

ఏడేళ్ళ తీర్థం ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది. చప్పుడు కాకుండా కొంగు అడ్డం పెట్టుకుని కంచె మొదట్లో కక్కుకుంది. నోటినిండా అదే రుచి. మెట్టెల రుచి... ఛీ!

తమ్ముడు తీర్థం నెత్తిన చల్లుకునేవాడు. ఎప్పుడూ అంతే. నోట్లో పోసుకోగా ఆమె ఒక్కనాడూ చూడలేదు.

లారీ పోయింది. పంకజవల్లి కళ్ళు తుడుచుకుని, బిందె ముంచింది.

తెల్లారింది. పీట మీద కూర్చున్న కృత్తిక అరచెయ్యి చాపింది. ఉద్ధరిణి అటు పోలేదు.

"ఈసారి ఇంటి పెద్ద మొదట, తంబీ."

నవనీతకృష్ణన్ నవ్వుతూ చెయ్యి పట్టాడు. అలవాటుగా నెత్తికి ఎత్తబోయాడు. పంకజవల్లి మణికట్టు పట్టుకుంది.

"నెత్తిన కాదు. మింగు."

"అక్కా... అందరి ముందర..."

"అందరి ముందర వద్దా? రాత్రి మూడున్నరకు, గొట్టానికి నోరు పెట్టి తాగుతావా?"

అతని వేళ్ళ సందుల్లోంచి పసుపు చుక్కలు జారినాయి. అరచెయ్యి పట్టుపంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు... చర్మం ఊడేలాగా తుడుచుకున్నాడు.

ఎవరికీ ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. గడప బయట నిలబడ్డ సెల్లాయి తలవంచి తన పాదాలు చూసుకుంది.

కృత్తిక చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. చాలా మెల్లగా అడిగింది —

"పెద్దత్తా... ఈ ఏడు నెలలు నాకు రోజూ వండి పెట్టినారే, తోటకూర... అది ఏ తోటది?"