చినుకు పడని పేజీ

"నోట్‌బుక్కా? ఇంకా ఏ కాలంలో ఉండారు సుప్రియ గారూ?"

తోటపల్లి గూడూరులో హజరత్తయ్య గారి రొయ్యల గుంటల దగ్గరికి ఆమె టెక్నీషియన్‌గా వచ్చిన మొదటి రోజు నేనన్న మాట అది. గుంటల మీద పని చూసుకునేది నేను, పెంచల్‌ని. ఆమె చేతిలో రెండొందల పేజీల నోట్‌బుక్, దానికి దారంతో కట్టిన పెన్ను.

"ఫోన్‌లో రాసుకోవచ్చు గదా?"

"ఆ తడిచేత్తో మీ ఫోన్ తెరవండి, చూస్తాను."

నాలుగుసార్లు గీకాను. తెరుచుకోలేదు. ఆమె పెదాలు నవ్వలేదు గానీ కళ్లు నవ్వాయి. నా పని ఆ రోజే అయిపోయింది.

రోజూ పొద్దున్నే ఆ రోజు పనులు రాసుకునేది. అయినదాని మీద ఒక్క గీత. కానిది బాణం గుర్తుతో మర్నాటి పేజీకి పోయేది. "బాణం మూడు పేజీలు దాటిందంటే ఆ పని మనల్నే చూస్తున్నట్టుంటుంది పెంచల్," అనేది.

ఒక ఆదివారం నాయుడుపేటలో వాళ్ల పిన్ని కూతురి నిశ్చితార్థం. పోతూపోతూ నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది.

"ఇది ఎవరికీ ఇవ్వను. మూడో గుంటలో మేత వేసిన రెండు గంటలకి, నీళ్లలో దించిన మేత ట్రే ఎత్తి, ఎంత మిగిలిందో రాయండి. మిగిలితే రేపు మేత తగ్గించాల."

"నేను చూసుకుంటా గదా, పోయి రండి."

పదకొండింటికి వాన దంచింది. మూడో గుంట అన్నిటికంటే దూరం. షెడ్‌లో నా ఫోన్‌లో మ్యాచ్ చివరి ఓవర్లు. లేవలేదు. 'ట్రే ఖాళీ. మేత మొత్తం తిన్నాయి' అని రాసేశాను. పైగా గుండ్రంగా, ఆమె మెచ్చుకోవాలని.

సోమవారం పొద్దున ఆమె నా రాతను నమ్మి మేత పెంచింది. మధ్యాహ్నం ట్రే ఎత్తితే నిండుగా ఉంది. అప్పటికే అడుగున మేత కుళ్లి నీళ్లు చెడిపోయాయి. మంగళవారానికి రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకి చేరాయి. సగం చచ్చాయి.

హజరత్తయ్య గారు గట్టు మీద అందరి ముందూ అరిచారు. "ఏందమ్మా, పుస్తకం చంకలో పెట్టుకోని తిరిగితే రొయ్యలు బతుకుతాయా? సాయంత్రానికి ఇంకొకర్ని చూసుకుంటా."

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. "నా అంచనా తప్పిందండీ," అంది.

నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

షెడ్‌లో ఆమె బ్యాగు సర్దుకుంటోంది. నేను గుమ్మం దగ్గర ఆగాను. ఆమే నోట్‌బుక్ తెరిచింది. వాన పడిన రోజుల పేజీలన్నిటిలో ఇంకు చెదిరి మరకలు. ఆదివారం పేజీ మాత్రం తెల్లగా, పొడిగా ఉంది.

"అంత వానలో మూడో గుంటకి పోయొచ్చినోళ్ల పేజీ మీద ఒక్క చినుకన్నా ఉండాల గదా పెంచల్? సోమవారం పొద్దునే చూసుండాల్సింది. మీ చేతిరాత చూసి మురిసిపోయినాను."

గాలికి పేజీలు తిరిగాయి. ఆదివారం మ్యాచ్ ధ్యాసలో నా కంట పడలేదు గానీ, తొమ్మిది పేజీల అడుగున ఒకే వాక్యం, బాణం మీద బాణం: 'పెంచల్‌ని టీకి పిలవాలి.' సోమవారం పేజీలో దాని మీద గీతలున్నాయి. ఒక్కటి కాదు, నాలుగు.

ఆమె గబుక్కున మూయబోయింది. నేను లాక్కుని గట్టు మీదున్న హజరత్తయ్య గారి దగ్గరికి పరిగెత్తాను.

"అన్నా, ఆదివారం నేను ట్రే ఎత్తలేదు. షెడ్‌లో మ్యాచ్ చూస్తా రాసేసినాను. ఆమె తప్పేం లేదు."

"నీకు సిగ్గుందా?"

"ఇప్పుడొచ్చిందన్నా."

మేత వేసే మాలకొండమ్మ నోరు నొక్కుకుంది. హజరత్తయ్య గారు షెడ్ వైపు చెయ్యి చూపించారు. "ఆ అమ్మాయి ఉంటాది. నువ్వు ఆమె చెప్పందే గట్టు దిగేదానికి లేదు."

ఆమె ఉంది. పదిహేను రోజులు పని మాట తప్ప ఇంకో మాట లేదు. మాలకొండమ్మ మాత్రం నేను కనిపించినప్పుడల్లా, "ఏం అబ్బయ్యా, ట్రే బరువా?" అనేది. తల దించుకుని పోయేవాణ్ణి. ఆదివారం పేజీ చించేయమని ఒకరోజు అడిగాను.

"వద్దు. అదుండాల," అంది సుప్రియ.

మళ్లీ వాన వచ్చింది. మూడో గుంట దాకా పోయి, ట్రే ఎత్తి, ముద్దగా తడిసి షెడ్‌కి వచ్చాను. 'పిడికెడు మిగిలింది' అని రాస్తుంటే జుట్టులోంచి నీళ్లు టపటపా రాలాయి. అక్షరాలు చెదిరిపోయాయి.

"పాడైపోయిందండీ, మళ్లీ రాస్తాను."

ఆమె ఆ మరక మీద వేలు పెట్టి చూసింది. పెన్ను తీసుకుని పేజీ అడుగున ఏదో రాసి నా వైపు తిప్పింది.

'పెంచల్‌ని టీకి పిలవాలి.'

తల ఎత్తలేకపోయాను. "దీనికి కూడా రేపటికి బాణం వేస్తారా?"

"ఎన్ని పేజీలు మోసేది? ముందు తల తుడుచుకో," అని తన తువ్వాలు నా మీదికి విసిరింది. అంతవరకూ నన్ను మీరు అనే పిలిచింది.

టీ తాగి వచ్చాక ఆ వాక్యం మీద గీత నన్నే కొట్టమంది. ఒక్కటే కొట్టాను.