నీళ్ల ఈల

"మీరు డాక్టరా, రెఫరీనా?"

అడగ్గానే శ్రీధర్ నాలుక కరుచుకున్నాడు. స్కూటీ దిగిన అమ్మాయి మెడలో తళతళలాడుతూ ఓ విజిల్ వేలాడుతోంది మరి. ఎవరైనా అదే అడుగుతారు!

"డాక్టర్నే. పేరు నీల. మాది జగిత్యాల, కోరుట్ల వెటర్నరీ కాలేజీల పీజీ చేస్తున్న. కరిచే బర్రె మీదేనా?"

"బర్రె కరువది మేడం. తంతది, కుమ్ముతది."

"అయ్యో, తెల్వదు. గీ ముక్క మా ప్రొఫెసర్లకు గూడ చెప్త."

పొద్దున్నే పడిన వాన చుక్కలు ఆమె ముంగురుల మీద ఇంకా ఆరలేదు. సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టి పెరిగినవాడు, ఆ మరమగ్గాల మోతను మించి అరిచి మాట్లాడటం అలవాటైనవాడు, శ్రీధర్ ఆ పిల్లకు మాత్రం చేత్తోనే పెరటి దారి చూపించాడు.

నవ్వులాట అక్కడితో సరి. పెరట్లోని బర్రెను, చంద్రిని, చూడగానే నీల ముఖం మారిపోయింది.

ముళ్లకంచె గీరుకుని చంద్రి వెనక తొడ మీద పెద్ద పుండు పడింది. కుట్లు వేయడానికి నలుగురు తాళ్లతో కాళ్లు కట్టి కింద పడేసిన నాటి నుంచి దానికి మనిషి చెయ్యంటేనే హడల్. తాడు కనిపిస్తే పూనకమే. శ్రీధర్ వాళ్లమ్మ ఇంద్రమ్మ పసుపు రాయబోతే కొమ్ముతో విసిరింది. ఇప్పుడామె మణికట్టుకు కట్టు ఉంది. పుండులో పురుగులు పడ్డాయి.

"ఐతారం పొద్దుగాల వ్యాన్ అస్తది. అమ్మేసుడే," అని తేల్చేశాడు మేనమామ రాజలింగం. "ఇయ్యాల చెయ్యి ఇరిగింది, రేపు పానం పోతే?"

ఆదివారం వచ్చే ఆ వ్యాన్ ఎక్కిన బర్రె ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. ఇంద్రమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. భర్త పోయిన ఏడాది ఆమెకు అన్నం సయించేలా చేసింది ఈ బర్రే. అప్పుడది దూడ, దానికి సీసాతో పాలు పట్టాలని లేచేది, లేచింది కాబట్టి తానూ ఇంత తినేది. ఈ సంగతి శ్రీధర్‌కి తెలుసు. అందుకే కోరుట్ల దాకా ఫోన్లు చేసి ఈ పిల్లను రప్పించాడు.

"ఇప్పుడేం జేస్తరు మేడం?"

"నేనేం చెయ్య. అదే చేస్తది," అంది నీల. "చిలికా సరస్సుల డాల్ఫిన్ల మీద రీసెర్చ్ చేసే టీంతోని కొన్నొద్దులు పనిజేసిన. బయటి దేశాలల్ల డాల్ఫిన్లకు ట్రైనింగ్ ఇచ్చేటోళ్లు ఏం జేస్తరో ఆడ్నే తెలిసింది. రక్తం తీయాలంటే దాన్ని కట్టరు, పట్టరు. అదే తోక పైకి పెడ్తది, సూది గుచ్చుకోమని!"

"ఊకెనే పెడ్తదా?"

"పెట్టంగనే విజిల్ ఊత్తరు. అంటే శభాష్, చేప అస్తున్నదని దానికి అర్థం."

"మా చంద్రి చేపలు తినదు మేడం."

"బెల్లం తింటది గదా! చెప్పినట్టు ఇన్నంక ఎంబడే పెట్టాలె, ఆలస్యమైతే మర్చిపోతది. పోయి పట్టుకరాండి."

నీల చెయ్యి చాపింది. చంద్రి బుస్సుమంది. ఆమె కదల్లేదు. చాలాసేపటికి చంద్రి మెడ సాచి తడిమూతిని అరచేతికి ఆనించింది. విజిల్ మోగింది.

చంద్రి గిర్రున తిరిగి, నేరుగా గోలెం దగ్గరికి పోయి నీళ్లలో మూతి పెట్టింది.

నీల బిత్తరపోయింది. మళ్లీ చెయ్యి, మళ్లీ మూతి, మళ్లీ విజిల్. మళ్లీ గోలెమే. బెల్లం ఆమె చేతిలోనే కరుగుతోంది. శ్రీధర్‌కి నవ్వు ఆగలేదు.

మర్నాడూ అదే తంతు. శనివారం పుండు వాసన వాకిలి దాకా వచ్చింది. నీల విజిల్‌ను విసురుగా జేబులో కుక్కింది.

"ఎన్కనుంచి మీరేమన్న సైగ జేస్తున్నరా?"

"నేనా? నేనెందుకు జేస్త!"

"మరి ఆ నవ్వేంది? రేపు వ్యాన్ అస్తది, యాదున్నదా? మీకిది తమాషా. నాకు కాదు శ్రీధర్!"

స్కూటీ సందు మలుపు తిరిగిపోయింది. శ్రీధర్ అక్కడే నిలబడిపోయాడు. తిట్టిందని కాదు. ఆ కళ్లలో నీళ్లు తన వల్లే తిరిగాయని తెలిసి ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం ఇంద్రమ్మ ఒంటిచేత్తో గోలెం నింపి, పెదాలు సున్నాలా చుట్టి సన్నగా ఈల వేసింది. చంద్రి వచ్చి గటగటా తాగసాగింది.

శ్రీధర్ చేతిలోని గడ్డిమోపు జారిపోయింది.

"అమ్మా! ఎందుకే ఈలేస్తున్నవ్?"

"ఇదెక్కడి ముచ్చటరా! బర్రె నీళ్లు తాగాలంటే ఈలెయ్యరా? మీ తాత గట్లనే ఏసె, మీ నాయిన గట్లనే ఏసె."

తానూ వేశాడు, ఊహ తెలిసినప్పటి నుంచీ! మనిషికి అంత అలవాటైన పని కాబట్టే బుర్రకు తట్టలేదు. నీల విజిల్ ఊది శభాష్ అంటుంటే, చంద్రి పాపం నీళ్లు తాగమన్నారనుకుంటోంది. వెంటనే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు: "చంద్రి మొద్దు కాదు. నా బుర్రే మొద్దు. ఒక్కసారి రండి, ప్లీజ్."

ఆదివారం నీల వచ్చింది. ఆమె స్కూటీ వెనకే వ్యాన్ కూడా వచ్చింది.

శ్రీధర్ నోరు విప్పేలోపే వ్యాన్‌వాళ్లు తాడు విసిరారు. అంతే! చంద్రి గుంజ పెరుక్కుని, ఒకణ్ని తోసేసి, ఇంటి పక్కనే తెరిచి ఉన్న సాంచాల షెడ్డులోకి దూసుకుపోయింది. దాన్ని ఆపబోయి ముందు పరుగెత్తిన నీల రెండు సాంచాల నడుమ సందులో ఇరుక్కుపోయింది. వెనక గోడ, ముందు కొమ్ములు.

"సాంచాలు బంజెయ్యి!" అని గుమ్మం దగ్గరి పనివాడికి అరిచి చెప్పాడు శ్రీధర్. మోత ఆగిపోయింది. చంద్రి బుసలు మాత్రమే వినిపిస్తున్నాయి.

"కట్టెలు తేండ్రా!" అన్నాడు రాజలింగం.

"మామా, దండం పెడ్త, ఎవ్వలు రావద్దు!"

బకెట్‌తో నీళ్లు పట్టుకుని శ్రీధర్ అడుగులో అడుగేస్తూ లోపలికి నడిచాడు. పెదాలు చుట్టాడు. నోరు ఎండిపోయింది. ఉత్త గాలే వచ్చింది. చంద్రి తల వంచింది, కొమ్ములు నీల వైపు తిరిగాయి. నీల కళ్లు శ్రీధర్ మీదే ఉన్నాయి. అతను పెదాలు తడుపుకుని మళ్లీ ఊదాడు.

సన్నటి నీళ్ల ఈల.

చంద్రి చెవి కదిలింది. కాసేపటికి మెల్లగా వెనక్కి తిరిగి, రొప్పుకుంటూ వచ్చి బకెట్‌లో మూతి పెట్టింది.

"నీలా, బయటికి పో!"

"పోను," అంది నీల. చెయ్యి భుజానికున్న మందుల సంచీలోకి పోయింది. "ఇప్పుడర్థమైంది నాకు. ఈల ఆపకు. అది మూతి తీస్తే నేను చెయ్యి తీస్త, నువ్వు ఈల బంద్ చెయ్యి. మళ్ల అదే అస్తే మొదలుపెడ్దాం."

చెయ్యి పుండు దగ్గరికి పోగానే చంద్రి మూతి ఎత్తింది. నీల వెనక్కి తగ్గింది. ఈల ఆగింది. చంద్రి ఇద్దరినీ చూసింది, తాడు కోసం వెతికింది, కనబడలేదు. తనంతట తానే మళ్లీ మూతి ముంచింది. అలా ఎన్నిసార్లో! చివరికి పురుగులు తీస్తున్నా, సూది గుచ్చినా, చర్మం జలదరించిందే కానీ కాలు లేపలేదు.

గుమ్మంలో ఇంద్రమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. రాజలింగం కండువాతో ముఖం తుడుచుకుని వ్యాన్ వైపు తిరిగాడు.

"ఏం జూస్తున్నరు? పోండి, బర్రెను అమ్ముతలేం!"

అందరూ వెళ్లాక నీల షెడ్డు మెట్టు మీద కూలబడింది. బయట వాన మొదలైంది. శ్రీధర్ పక్కనే కూర్చున్నాడు, మర్యాదకు కాస్త ఎడంగా.

"మెసేజ్ రాత్రే సూసిన," అంది నీల. "కోపంల రిప్లై ఇయ్యలే."

"నవ్వినందుకు నేనే సారీ చెప్పాలె. చంద్రిని సూసి నవ్వలే నేను."

"మరి?"

"కోపమొస్తే నీ ముక్కు ఎర్రగైతది..." అని ఆగిపోయాడు. కొమ్ముల ముందు కూడా లేనంత భయం ఇప్పుడు పట్టుకుంది. "చంద్రికి నయమైతే నువ్వు మళ్ల రావు గదా. గది తలుసుకుంటే పానం ఆగుతలేదు. నువ్వంటే నాకిష్టం నీలా. ఇగ అయిపోయింది, చెప్పేసిన. తిట్టుకో."

నీల తిట్టలేదు. వానలోకి చూస్తూ, చంద్రికి చాపినట్టే, అరచెయ్యి పక్కకు చాపి కదలకుండా ఉంచింది. దగ్గరికి రమ్మనలేదు, పట్టుకోమనలేదు.

శ్రీధర్ ఆ చెయ్యి వంక చూశాడు. తన చెయ్యి తెచ్చి దానికి ఆనించాడు.

"గట్లనే ఉండుండ్రి," అంది వెనక నుంచి ఇంద్రమ్మ. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. చెయ్యి లాక్కోబోయిన నీలను కళ్లతోనే వారించి, బాగున్న చేతిలోని బెల్లం ముక్క ఆమె ముందు పెట్టింది.

"జగిత్యాలకు పోయి మీ నాయినతోని నేను మాట్లాడ్త బిడ్డా. ముందైతే ఇది పట్టు. చెప్పినట్టు ఇన్నంక ఎంబడే బెల్లం పెట్టాలంటివి గదా. ఆలస్యమైతే మర్చిపోతరట!"

నీల ముఖం ఎర్రబడింది, ఈసారి కోపంతో కాదు. బెల్లం ముక్క అందుకుని పక్కనున్నవాడి వైపు తిరిగింది.

శ్రీధర్ అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు.