ఒంటి చెవి రివ్యూ

"మా ఆల్బమ్‌కి రెండు స్టార్లిచ్చిన మహానుభావుడు మీరేనా?"

తలెత్తాను. నా టేబుల్ మీది సీడీల మీద గొడుగు నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. గొడుగు వెనక ఒక అమ్మాయి. కోపంలో కూడా ఇంత బాగుందేమిటి అనుకున్నాను. పైకి అనుంటే ఆ గొడుగుతోనే వాయించేది.

"రెండున్నర," అన్నాను.

"ఆ అర మీ దగ్గరే ఉంచుకోండి. అసలు విన్నారా?"

"మూడుసార్లు!" నాకూ ఒళ్ళు మండింది. పెద్ద కంపెనీలు ముట్టుకోని చిన్న చిన్న బ్యాండ్ల పాటలు విని, పత్రికలో రివ్యూ రాయడమే నా ఉద్యోగం. వినకుండా రాశాడని నన్నెవరూ అనలేదు.

"అయితే మా అక్క గొంతు ఎలా ఉంది?"

"ఏ అక్క?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి, పత్రిక తెరిచి నా వాక్యం నాకే వినిపించింది. "'ఈ పాటలు ప్రశ్నలు వేస్తాయి తప్ప ఒక్కదానికీ జవాబు చెప్పవు.' జవాబులన్నీ మా అక్కే పాడిందండీ బాబూ!"

"అందులో ఉన్నది ఒక్క గొంతే."

"పెట్టండి, తేల్చుకుందాం."

పాట పెట్టాను. అలవాటు ప్రకారం హెడ్‌ఫోన్ కుడి చెవికి పెట్టుకుని, ఎడమది చెవి వెనక్కి తోశాను.

"అదేంటి?" అంది.

"పక్క గదిలో ఎడిటర్ గారుంటారు. పిలిస్తే వినపడాలిగా."

"ఎప్పుడూ ఇలాగే వింటారా?"

"ఆరేళ్ళుగా."

ఆమె నోరెళ్ళబెట్టింది. తర్వాత చెయ్యి చాచి, ఎడమది నా చెవి మీదికి లాగింది.

ఎడమ చెవిలోకి అక్క వచ్చింది. కాస్త బొంగురుగా, అక్కడక్కడా వణుకుతూ, ఎంత నిజమైన గొంతో! సిగ్గుతో తల దించుకున్నాను.

"ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టుండాలని కావాలనే నా గొంతు కుడి చెవిలో, అక్కది ఎడమ చెవిలో పెట్టాం," అంది. కోపం పోయి, పత్రిక మడిచి టేబుల్ మీద పెట్టింది. "గొంతు ఆపరేషన్ అయ్యాక అక్క ఇక పాడనంది. ఏడాది బతిమాలితే ఇది పాడింది. మీ రివ్యూ చదివి, 'చూశావా, నేనున్నట్టే తెలీలేదు' అని మైకు మూలన పడేసింది. శనివారం మా ప్రోగ్రామ్. రానంటోంది."

తిన్నగా ఎడిటర్ గారి గదిలోకి వెళ్ళాను. "సార్, తప్పు రాశాను. సవరణ వెయ్యాలి."

"ఏమని వేస్తావోయ్? ఒంటి చెవితో విన్నాననా? పరువు గంగలో కలుస్తుంది!"

"ఉన్నమాటే సార్. రెండో చెవి మీ పిలుపు కోసం దాచుకున్నానని కూడా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రెండో ముక్క మాత్రం తీసెయ్."

సవరణ గురువారం అచ్చయింది, నా పేరుతో సహా. ఫ్రెండ్స్ ఫోన్లు చేసి మరీ నవ్వారు. నవ్వనీ. అక్క చదివిందో లేదో, నాకదే బెంగ.

శనివారం సాయంత్రం చిన్న హాల్లో చివరి కుర్చీలో కూర్చున్నాను. స్టేజీ మీద ఆ అమ్మాయి ఒక్కతే. పక్కన ఇంకో మైకు, దాని ముందు ఎవరూ లేరు. మొదటి పాటలో ప్రశ్న పాడి ఆగింది. ఖాళీ మైకు వైపు తిరిగింది.

పక్క తలుపులోంచి ఒకావిడ వచ్చి, మైకు పట్టుకుని జవాబు పాడింది. చెల్లెలు పాడాల్సింది మర్చిపోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

ప్రోగ్రామ్ అయ్యాక వెళ్ళి అక్కకి క్షమాపణ చెప్పాను.

"సర్లేవయ్యా, అంత పరువు తీసుకున్నావుగా, చాలు," అని నవ్వింది. "ఇవాళ్టి ప్రోగ్రామ్ గురించి ఏం రాస్తావ్?"

"ఇంక మీ గురించి రాయలేనండీ. ఇష్టపడ్డవాళ్ళ మీద రివ్యూ రాయకూడదు, మా పత్రికలో రూలు."

"ఎవర్ని ఇష్టపడ్డావేంటి, నన్నా?"

నా చూపు పక్కకి పోయింది. అక్కడ వైర్లు చుడుతున్న చెల్లెలి చేతులు ఆగిపోయాయి.

"ఏమే, విన్నావా?" అంది అక్క.

ఆ అమ్మాయి తలెత్తలేదు. వైరు మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది, ఈసారి అంతా చిక్కుముడులు.

"అయితే చచ్చినా మన మీద ఒక్క ముక్క కూడా రాయొద్దని చెప్పక్కా," అంది.