మొదటి కిలోమీటరు

ఉదయం ఆరున్నరకు కింద జిమ్‌లో ఇనుము చప్పుడు మొదలయ్యేసరికి పైన వంటింట్లో అనసూయమ్మ రెండో రొట్టె కాలుస్తోంది. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ వైపున్న ఆ ఇంట్లో కింద కొడుకు పరమేశ్వర్ జిమ్, పైన కాపురం.

"అవ్వా, గా కారం డబ్బా ఇటియ్యమను," అన్నాడు పరమేశ్వర్.

డబ్బా అతని చెల్లెలు త్రివేణి మోచేతి పక్కనే ఉంది. ఆమె దాన్ని తల్లి వైపు జరిపింది. తల్లి కొడుకు వైపు జరిపింది. పది నెలలుగా ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు కూడా అలాగే తల్లి చేతుల మీదుగానే నడుస్తున్నాయి.

"ఇంకెన్నొద్దులు గిట్ల?" అని అనసూయమ్మ విసుక్కుంది. కోడలు సుకన్య తలెత్తకుండా గ్లాసుల్లో మజ్జిగ పోసింది. త్రివేణి చేయి కడుక్కుని లేచిపోయింది.

ఆ మౌనానికి కారణం జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన పోటీ. కిలోమీటరు పరుగు, ఆ వెంటనే ఒక బరువు పని, అలా ఎనిమిదిసార్లు. స్లెడ్ అనే చక్రాల్లేని ఇనుప బండిని నెట్టాలి, తాడుతో లాగాలి, రోయింగ్ యంత్రం మీద పడవ తెడ్డు వేసినట్టు లాగాలి, ఇసుక సంచి భుజాన వేసుకుని మోకాలు నేలకు తాకిస్తూ నడవాలి, చివర బరువైన బంతిని గోడ మీది గుర్తుకు వందసార్లు విసరాలి. స్త్రీ, పురుషుడు కలిసిన జంటల విభాగంలో అన్నాచెల్లెళ్లు దిగారు. జంటలో ఇద్దరూ కలిసే పరుగెత్తాలి, బరువు పనులు మాత్రం పంచుకోవచ్చు. నలభై రెండు సెకన్ల తేడాతో మూడో స్థానం పోయి నాలుగో స్థానం వచ్చింది. చివర్లో, బంతి విసరడం సగంలో ఉండగా త్రివేణి చేతుల్లోంచి అది జారింది. ఆమె మోకాళ్ల మీద కూలబడింది.

బయటికి రాగానే జిమ్ పిల్లలు ఫోన్లు పట్టుకుని చుట్టుముడితే పరమేశ్వర్ నవ్వుతూ అన్నాడు: "చెల్లె సగంలనే ఆగిపోయింది. లేకుంటే గెలుస్తుంటిమి. ఇంట్లోళ్లను తీసుకపోతే గిట్లనే అయితది."

ఆ వీడియో బోధన్ దాకా తిరిగింది. త్రివేణి పక్కనే నిలబడి వింది. వారం తిరక్కుండానే, ఆరుగురితో మొదలుపెట్టి అరవై మందిదాకా ఆమె పెంచిన ఆడవాళ్ల బ్యాచ్‌ను పరమేశ్వర్ డిచ్‌పల్లి నుంచి వచ్చే దీక్షిత అనే ఇరవై మూడేళ్ల అమ్మాయికి అప్పగించాడు. "నువ్ కొన్నొద్దులు రెస్ట్ తీస్కో," అన్నాడు చెల్లెలితో. ముప్ఫై ఒక్కేళ్ల త్రివేణికి ఆ బ్యాచే లోకం. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

రెండు నెలలపాటు తన వల్లే ఓడిపోయామని ఆమె నిజంగానే నమ్మింది. ఫలితాల పట్టిక తెరిచి చూసే ధైర్యం చేయలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఏ కళనుందో, పట్టికనూ తన చేతి గడియారం రాసిపెట్టిన లెక్కనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

మొదటి కిలోమీటరు నాలుగు నిమిషాల రెండు సెకన్లు. వాళ్లు అనుకున్నది నాలుగూ నలభై అయిదు. ఎనిమిదో కిలోమీటరు ఆరున్నర నిమిషాలు. అంతవరకూ ఆమెకు తెలిసిందే. కానీ నాలుగో పరుగు నుంచి ప్రతి పరుగు చివరా ఆమె నాడి నూట డెబ్బై ఎనిమిది నుంచి నూట నలభైకి దిగింది. పరుగెత్తే మనిషి నాడి అలా దిగదు. నిలబడి ఎదురుచూసే మనిషి నాడి దిగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది. అన్న నడుముకు చేతులు పెట్టుకుని వెనక నడిచి వస్తున్నాడు. తను బరువు పనుల చోటికి పోయే గేటు దగ్గర నిలబడి "రా అన్నా, రా" అంటోంది. ఆ ఎదురుచూపులన్నీ కలిపితే నిమిషం యాభై సెకన్లు. నలభై రెండు సెకన్లకు ఓడిపోయారు.

ఆమె ఏడవలేదు. ఆ లెక్క రాసుకున్న కాగితాన్ని మడిచి బట్టల కింద పెట్టింది. ఎవరికైనా చూపిస్తే ఒక్కపూట మాట అవుతుంది, తెల్లారితే మరిచిపోతారు. ఆమెకు కావలసింది అది కాదు. అందరి ముందూ అతను మోకాళ్ల మీద పడాలి. ఫోన్లు పట్టుకున్న ఆ పిల్లలే అదీ తీయాలి.

నవంబరులో అదే పోటీ మళ్లీ ఉంది. జంటకు మనిషి కావాలి. మార్కెట్ యార్డులో హమాలీ దేవన్న అరవై కిలోల పసుపు సంచిని భుజానికెత్తుకుని లారీ పలక ఎక్కడం ఆమె ఎప్పటినుంచో చూస్తోంది. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

"పైసలొస్తయా అక్కా?" అనడిగాడు.

"రావు."

దేవన్న భుజం మీది తువ్వాలు దులిపాడు. "కూలికి కాకుండ ఉత్తగ బరువు మోసుడు ఎట్లుంటదో ఒక్కసారి సూడాలనుంది. వస్త."

బరువుల్లో అతనికి నేర్పాల్సిందేమీ లేదు. పరుగులోనే కిలోమీటరుకే రొప్పేవాడు. వర్ని దగ్గర నిజాంసాగర్ కాలువ గట్టు మీద వారానికి నాలుగు పొద్దుటిపూటలు త్రివేణి అతన్ని పరుగెత్తించింది. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత మెల్లగా మొదలుపెట్టించింది. పాత టైరుకు తాడు కట్టి, మీద సంచులేసి లాగి, ఆ కాళ్లతోనే వెంటనే పరుగెత్తడం అలవాటు చేసింది. ప్రతిరోజూ కాలం రాసుకుంది. ఎక్కడ సెకన్లు పోతున్నాయో చూసి ఒక్కొక్కటే సరిచేసింది. నీళ్లు తాగడానికి ఆగడం మాన్పించింది. బంతిని ఇరవై అయిదేసి కాక పదేసి సార్లు విసిరి ఒకరికొకరు అందించుకుంటే చేతులు చచ్చుపడవని కనిపెట్టింది. అక్టోబరుకల్లా ఎనిమిది పరుగులూ ఒకే వేగంతో సాగుతున్నాయి. మొత్తం గంటా ఏడు నిమిషాలు. జనవరి పట్టిక ప్రకారం అంటే రెండో స్థానం.

అప్పుడు చెప్పింది దేవన్నకు. "మొదటి కిలోమీటరు మాత్రం నాలుగు నిమిషాల్లో పోవాలె."

"ఎందుకక్కా? తర్వాత సచ్చిపోతం కద."

"మా అన్న మన వెనకనే ఉంటడు. ఆయన పేరిచ్చిన టైముకే నేనూ పేరిచ్చిన. నేను ముందు పోతుంటే ఆయన ఓర్చుకోడు. నా వెంబడి పడతడు. నాలుగో పరుగుకు ఆయన పనైపోతది."

దేవన్న గట్టు మీద కూర్చుని బూట్ల తాడు విప్పాడు. "మనం గెలుద్దామని ఉరుకుతున్నమా, మీ అన్న పడిపోవాలని ఉరుకుతున్నమా?"

త్రివేణి లేచి టైరు తాడు చుట్టడం మొదలుపెట్టింది.

పోటీకి మూడు రోజుల ముందు పరమేశ్వర్‌కు విషయం తెలిసింది. భోజనాల దగ్గర పది నెలల తర్వాత మొదటిసారి నేరుగా ఆమె ముఖంలోకి చూశాడు.

"యార్డుల సంచులు మోసేటోనితోని దిగుతున్నవట. నా జిమ్ ఇజ్జత్ తీస్తందుకా?"

"నీ జిమ్ ఇజ్జత్ నా చేతుల ఉందా? నేను సగంలనే ఆగిపోయేదాన్ని కద."

"ఉన్న మాటే అన్న."

"గదే మాట పోటీ అయినంక అను."

"అంటే ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య. నువ్వే చేసుకుంటవ్," అంది త్రివేణి. ఆమె గొంతు ఎంత చల్లగా ఉందంటే సుకన్య చేతిలో గరిటె ఆగిపోయింది. అనసూయమ్మ ఇద్దరి మధ్యా వచ్చి నిలబడి, "నా కడుపున పుట్టినోళ్లేనా మీరు?" అంది.

ఆదివారం ఉదయం హైదరాబాద్‌లో ఆ పెద్ద హాలు జనంతో కిక్కిరిసి ఉంది. తల్లీ, సుకన్యా కంచె పక్కన నిలబడ్డారు. కూత పెట్టగానే త్రివేణి, దేవన్న దూసుకుపోయారు. మొదటి మలుపులో ఆమె వెనక్కి చూసి, అన్నకు కనిపించేలా నవ్వింది.

అంతే చాలింది. పరమేశ్వర్ వేగం పెంచాడు. "సార్, మెల్లగ, మన ప్లాన్..." అని ఈసారి అతని జంటగా దిగిన దీక్షిత వెనకనుంచి అంటున్నా వినలేదు. కిలోమీటరు అయ్యేసరికి చెల్లెల్ని దాటి ముందుకెళ్లాడు. త్రివేణి దాటనిచ్చింది. ఇంకో రెండు పరుగులు అతని మడమల వెనకే అడుగుల చప్పుడు వినిపించేలా ఉండి, తర్వాత తగ్గింది.

నాలుగో పరుగులో అతను నడిచాడు. ఆరో పరుగులో నడుం పట్టుకుని ఆగాడు. త్రివేణి అతని పక్కనుంచి దాటిపోయింది. లోపల ప్రతి సెకనూ లెక్కపెట్టుకుంటూ తృప్తిపడింది. ఇసుక సంచి దగ్గర పరమేశ్వర్ పిక్కలు పట్టేసి మోకాళ్ల మీద పడ్డాడు. ఫోన్లు లేచాయి. సరిగ్గా ఆమె కోరుకున్నట్టే.

అతని మీద పడ్డ సంచిని దీక్షిత తన భుజానికెత్తుకుంది. మిగిలిన దూరమంతా ఒక్కతే నడిచింది. చివరి బంతి విసరడమూ దాదాపు అంతా ఆమే చేసింది. అరచేతులు కమిలిపోయాయి. వాళ్లకు గంటా ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

త్రివేణి, దేవన్నలకు గంటా పది. అయిదో స్థానం. వేగంగా పోయిన ఆ మొదటి కిలోమీటరు దేవన్న కాళ్లను కూడా తినేసింది. అతను పట్టిక వైపు చూసి, "రెండో నంబరు వస్తుండె గదక్కా. పిల్లలకు సూపిస్తననుకున్న," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అందుకే అది త్రివేణికి ఎక్కువ తగిలింది.

అప్పుడే అవతల జిమ్ పిల్లల మధ్యనుంచి అన్న గొంతు వినిపించింది.

"దీక్షిత కొత్తది గద. తాళం కుదరలే. ఆమె..."

దీక్షిత తల వంచుకుని, "సారీ సార్, నా వల్లనే," అంటోంది. కమిలిన చేతులు వెనక్కి దాచుకుంటోంది.

పది నెలల కిందట తను నిలబడ్డ చోటే ఆ పిల్ల నిలబడి ఉంది. నిలబెట్టింది అన్న ఒక్కడే కాదని త్రివేణికి ఆ క్షణంలో తెలిసింది. గుంపును తోసుకుంటూ వెళ్లింది.

"ఆపన్నా. ఈ పిల్ల వల్ల కాదు, నా వల్ల ఓడినవ్. నిన్ను ఉరికించాలనే మొదట్ల ముందు ఉరికిన. నువ్ ఉరుకుతవని తెలుసు. పోయినసారీ గట్లనే ఉరికినవ్. నా గడియారంల అంతా ఉంది. నేను ఆగిపోలే. నీ కోసం ఆగిన."

సుకన్య ముందుకొచ్చి, వీడియో తీస్తున్న కుర్రాడి చేతిలోని ఫోన్‌ను మెల్లగా కిందికి దించింది. "చాలు బాబూ," అంది. పరమేశ్వర్ ముఖం పాలిపోయింది. కుంటుకుంటూ వెళ్లి కారులో కూర్చున్నాడు.

ఇంటికి తిరిగొస్తూ కారు కామారెడ్డి దాటాక పరమేశ్వరే పక్కనున్న చెల్లెలితో అన్నాడు. "నాకు పోయినసారే తెలుసు."

త్రివేణి అతని వైపు తిరిగింది.

"నువ్ గేటు కాడ నిలబడి పిలుసుడు నాకు కనవడ్డది. ఫోన్లు ముంగటికి రాంగనే, జిమ్ ఓనరే ఆగిపోయిండంటే ఇంకెవరొస్తరనిపించింది. నోట్లెకు నీ పేరొచ్చింది. నువ్ ఇంట్లదానివి, ఏమనవనుకున్న." అతను పట్టేసిన పిక్కను రుద్దుకున్నాడు. "పది నెలలు నీ మొకం సూడలేక బ్యాచి కూడ తీసేసిన. తప్పయింది చెల్లె."

"నీ తప్పుకు నేను నిన్నే మొకం మీద అడగాల్సింది," అంది త్రివేణి. "దేవన్నను పణం పెట్టిన. ఆ పిల్లను గూడ." ముందు సీట్లో అనసూయమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. డిచ్‌పల్లి మలుపు దగ్గర సుకన్య కారు ఆపింది.

దీక్షిత అప్పటికే బస్సులో ఇల్లు చేరింది. తలుపు తీసిన ఆమె తల్లి గంగుబాయికి వీళ్లు ఎందుకొచ్చారో అర్థం కాలేదు. పరమేశ్వర్ కుర్చీ వద్దని గడప దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, మీ బిడ్డ వల్ల ఓడిపోలే. తప్పు నాది. పొద్దున జిమ్‌ల గూడ అందరి ముంగట చెప్త," అన్నాడు.

దీక్షిత పసుపు పూసిన అరచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. క్షమించానని గానీ, పర్లేదని గానీ అనలేదు. త్రివేణి వైపు తిరిగి అడిగింది.

"అక్కా, నీకు లెక్కలు తెలుస్తయి కద. నా ఒక్కదాని పని ఎట్లుంది? నిజంగ నేను తక్కువ చేసిన్నా?"

త్రివేణి ఆమె పక్కన నేల మీద కూర్చుని ఫోన్‌లో పట్టిక తెరిచింది. వేలు పెట్టి వరుసగా చూపించింది. అప్పుడు పరమేశ్వర్ లోపలికొచ్చి, పట్టేసిన కాలు కష్టంగా మడిచి కూర్చుని, ఫోన్ అందుకున్నాడు.

"రోయింగ్ నువ్వే లాగినవ్, మనతోని దిగినోళ్లల అందరికన్న ముందు," అని చదివాడు. "బంతి, నేనేసినవి పద్దెనిమిదే, వందల ఎనభై రెండు నువ్వే. సంచి..." ఆగి, కళ్లు తుడుచుకున్నాడు. "సంచి, మొత్తం నువ్వే మోసినవ్ బిడ్డా."

దీక్షిత అప్పుడు ఏడ్చింది. త్రివేణి ఆ కమిలిన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.