ఈ వార్తకు ఒక గమనిక

గొడవకు వెళ్లేవాడు గొడుగు కూడా తీసుకెళ్లాలన్న ఆలోచన ప్రిన్స్‌కు రాలేదు. శంషాబాద్ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పైనున్న గదికి మెట్లెక్కి చేరేసరికి తడిసి ముద్దయ్యాడు. కోపం మాత్రం తడవలేదు.

గదిలో ఒక టేబులు, ఒక లైటు, గోడకు నీలం గుడ్డ, ఆ గుడ్డ ముందు ఫోను సర్దుకుంటున్న అమ్మాయి. రోజూ సాయంత్రం ఊళ్లోవాళ్ల ఫోన్లలో వినిపించే ‘సాయంత్రం కబురు’ వార్తలు పుట్టేది ఇక్కడే. తిరిగి కనుక్కునేది, రాసేది, చదివేది అంతా ఈ జెరూషాయే.

“నిన్న వార్తలల్ల నా పేరు తీసినవ్,” అన్నాడు ప్రిన్స్. “వాన పడ్డదని ఎయిర్‌పోర్టు నుంచి అత్తాపూర్‌కు డబుల్ కిరాయి గుంజిండ్రు, ప్రిన్స్ ట్రావెల్స్ కారు అన్నవ్.”

“అవునన్నా. గుంజలేదా?”

“గుంజిండొచ్చు. కానీ ఆ కారు నాది కాదు. ఎండాకాలంలనే అమ్మేసిన. కొన్నాయన అద్దం మీది నా పేరు తీయలే.”

జెరూషా అతనివైపు చూసింది. ఆ కళ్లలో భయం లేదు, పొగరూ లేదు. ఈ పిల్ల వాదిస్తుందనుకుని ప్రిన్స్ దారి పొడుగునా ఘాటైన మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఆమె వాదించలేదు. కొన్నాయన నంబరు అడిగి తీసుకుని, అక్కడికక్కడే ఫోన్ చేసి, విని, పెట్టేసింది.

“తప్పు నాదే అన్నా. బండి ఎవరిదో అడగకుండ అద్దం చూసి చదివేసిన. రేపు మొదటి వార్త ఇదే. ఇగ జర తల తుడ్చుకోండి,” అని తువ్వాలు అందించింది.

సిద్ధం చేసుకున్న మాటలన్నీ వదిలేసి ప్రిన్స్ తల తుడుచుకున్నాడు.

మర్నాడు అన్నట్టుగానే మొదటి వార్త అదే. “మొన్న మేము చెప్పిన వార్తలో తప్పుంది” అని మొదలుపెట్టి, తప్పు చెప్పడానికి ఎంతసేపు తీసుకుందో దిద్దడానికీ అంతసేపు తీసుకుంది. ప్రిన్స్ ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూశాడు. తన పేరు బాగుపడిందా లేదా అని చూస్తున్నానన్నాడు.

“పేరును చూస్తున్నవా, చదివే పిల్లను చూస్తున్నవా అన్నా?” అని అడిగాడు అతని డ్రైవర్ మహేష్. ప్రిన్స్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. కాసేపాగి మళ్లీ తీశాడు.

వారం తిరక్కుండానే ఒక వంక దొరికింది. ఈసారి గొడుగు తీసుకుని, తల దువ్వుకుని మెట్లెక్కాడు.

“మీ వార్తలకు మా ట్రావెల్స్ యాడ్ ఇస్త.”

“వద్దన్నా.”

“ఉత్తగ కాదు, పైసలిస్త.”

“అందుకే వద్దన్న.”

ఆ ‘అన్నా’ మీద ప్రిన్స్‌కు అప్పుడే చిన్న అసహనం మొదలైంది. “పైసలు వద్దనే పత్రికోళ్లను నేనెక్కడ చూడలే,” అన్నాడు.

జెరూషా నవ్వింది. “నేను ఒక పేపర్ల మండల్ రిపోర్టర్‌గ చేసిన. జీతం లేదు, యాడ్ తెస్తే కమీషన్. లీడర్ బర్త్‌డే వచ్చిందంటే వాళ్లింటికి పోయి శుభాకాంక్షల యాడ్ అడగాలె. పొద్దుగాల చేయి చాపిన మనిషి మీద సాయంత్రం వార్త ఎట్ల రాయాలె? రాయలే. రెండేండ్లు రాయలే. ఇగ నా మీద నాకే సిగ్గయి బయటికొచ్చిన.”

“మరి గవర్నమెంటే మీ అసొంటోళ్లకు ఇంతని పైసలిస్తే?”

“గవర్నమెంట్ మీద ఎవరు రాయాలె మళ్ల?”

“అబద్ధం రాసేటోళ్లను పట్టేతందుకన్న ఒక ఆఫీసర్ ఉండాలె గద. నా పేరు పాడైతే నేనేడికి పోవాలె?”

“తడుచుకుంట సీదా నా దగ్గరికే వచ్చిండ్రు గద! నేను ఒప్పుకోకపోతే శంకరయ్య సార్ కమిటీ ఉన్నది. వార్తలు చూసేటోళ్లే కూసుంటరు. వాళ్లు తప్పంటే నేను చదవాల్సిందే. అప్పటికీ న్యాయం కాకపోతే కోర్టున్నది. వార్త రాకముందే ఆపే కర్ర ఒక ఆఫీసర్ చేతుల పెడితే, రేపు ఆయన మీద వచ్చే వార్తను ఆయన రానిస్తడా?”

శంకరయ్య సార్ దగ్గర ప్రిన్స్ లెక్కలు నేర్చుకున్నాడు, దెబ్బలూ తిన్నాడు. ఆయన కమిటీలో ఉన్నాడంటే తప్పు చేసినవాళ్లు తప్పించుకునే వీలు లేదు. అయినా మాటలు ఆగిపోతే మెట్లు దిగాల్సి వస్తుందని ఇంకో ప్రశ్న వెతుక్కున్నాడు.

“అయితే ఈ గది కిరాయి ఎట్ల కడుతున్నవ్?”

“పిడికెడు బియ్యం తెలుసు గద మీకు?”

తెలియకేం. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ వాళ్లమ్మ ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో పోస్తుంది. ఆదివారం చర్చికి తీసుకెళ్తుంది. అన్ని ఇళ్ల పిడికిళ్లూ కలిస్తే పాస్టరుగారి ఇల్లు గడుస్తుంది. ఆ బియ్యం పోగుచేసే ప్రేమమ్మ తన తల్లేనని జెరూషా చెబితే ఇప్పుడే తెలిసింది.

“ఒక్కాయనే బస్తా తెచ్చి వేస్తే, ఆ బస్తాయన గురించి పాస్టరుగారు ఒక మాట అనగలుగుతడా? అందుకే పిడికెడు. నాదీ గంతే. చూసేటోళ్లు ఇష్టముంటే ఇస్తరు. కానీ నెలకు ప్లేటు బిర్యానీ ఖరీదుకు మించి ఎవ్వరు ఇయ్యొద్దు. కమిటీ పెట్టిన రూలు.”

ప్రిన్స్ అక్కడికక్కడే ప్లేటు బిర్యానీ ఖరీదు కట్టేశాడు. ఇంకా కట్టడానికి వీల్లేదని తెలిసి బాధపడ్డాడు.

ఆ తర్వాత వార్తల కోసం ఆమె మైలార్‌దేవ్‌పల్లి వెళ్లాలన్నా, జల్‌పల్లి వెళ్లాలన్నా ప్రిన్స్ కారు ఎందుకో అటే వెళ్తూ ఉండేది. కిరాయి తీసుకోకపోతే ఎక్కనని ఆమె అనేది. తీసుకునేవాడు. దారిలో వాన పడితే అద్దం మీద వైపర్ల చప్పుడు, పక్కన ఆమె మాటలు. ఎర్రలైటు పడితే ప్రిన్స్‌కు పండగ. ఒకరోజు ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆమె “జర ఏసీ తగ్గించు ప్రిన్స్,” అంది. అన్నా లేదు, అండీ లేదు. ఏసీ తగ్గించబోయి ప్రిన్స్ హారన్ కొట్టాడు.

ఆషాఢం చివర్లో కబురుకు కష్టం వచ్చింది. ఊరి బయట వాననీళ్ల కాలువను పూడ్చి ప్లాట్లు అమ్ముతున్న వెంచర్ మీద జెరూషా వరసగా వార్తలు చదివింది. ఆ వెంచర్ మనుషులు షాపు షాపుకూ తిరిగి, మీరు ఆమెకు పైసలిస్తున్నారటగా అని నవ్వుతూ అడిగి వచ్చారు. అంతే, అంతకన్నా ఏమీ అనలేదు. ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు.

“ఈ నెల గడవకపోతే బంద్ పెట్టుడే,” అంది జెరూషా మామూలుగానే. కానీ ఆ మాట అన్నప్పుడు ప్రిన్స్‌వైపు చూడలేదు, కిటికీవైపు తిరిగింది.

ఆమె గొంతు వినిపించని సాయంత్రాన్ని అతను ఊహించుకోలేకపోయాడు. రూలేమో ప్లేటు దాటొద్దంటోంది. అయితే ప్లేట్లు పెంచితే సరి అనుకున్నాడు. మహేష్ పేరు మీద కట్టాడు. మిగతా డ్రైవర్ల పేర్ల మీద కట్టాడు. టైర్ల షాపు రాజయ్య పేరు, హైవే పక్కన మొక్కజొన్న కంకులు, అదే మక్కబుట్టలు, కాల్చి అమ్మే దుర్గవ్వ పేరు కూడా వదల్లేదు.

ఆదివారం వార్తల చివర, కొత్తగా పిడికెడు వేసినవాళ్ల పేర్లు చదవడం జెరూషా అలవాటు. ఆ ఆదివారం చదువుతుంటే ఆమె గొంతు వణికింది. “ఊరు మమ్మల్ని వదిలిపెట్టలేదు” అంది. అది చూసి ప్రిన్స్ తనంత తెలివైనవాడు లేడనుకున్నాడు.

మూడోరోజు సన్నగా తుంపర పడుతుంటే మక్కబుట్టలు తిందామని ఆమే అడిగింది. దుర్గవ్వ బండి దగ్గర కారు ఆపాడు. ఆపకపోయి ఉంటే బాగుండేది.

“అవ్వా, నీ సాయం మర్చిపోను,” అంది జెరూషా వంగి, ఆమె చేయి పట్టుకుని. “నువ్వు ఎండల నిలబడి సంపాయించింది నా వార్తలకిచ్చినవ్.”

దుర్గవ్వ విసనకర్ర ఆపింది. “నేనేడ ఇచ్చిన బిడ్డా? నీ వార్తలు నా మనుమరాలు చూపిస్తది, వింట. పైసలు అడిగినోళ్లు లేరు, ఇచ్చింది లేదు. ఇగో, ఈ పిలగాడే మొన్నొచ్చి నా పూర్తి పేరేందని అడిగిండు.”

ప్రిన్స్ చేతిలో మక్కబుట్ట అలాగే ఉండిపోయింది.

“రాజయ్య?” అని అడిగింది జెరూషా. అతను తలవంచుకున్నాడు. “మహేష్? డ్రైవర్లంత?”

“నీది బంద్ కావొద్దని...”

“పిడికెడు అడిగితే బస్తా తెచ్చినవ్. అది కూడా వేరేటోళ్ల పిడికిళ్ల పేరు మీద. ఊరు నా ఎంబడి ఉన్నదని మురిసిన, ప్రిన్స్. ఊరు కాదు, నువ్వొక్కనివే. రేపు నీ మీద వార్తొస్తే నేను చదవగలుగుతనా?”

“నువ్వంటే ఇష్టం. అందుకే...”

“ఇష్టముంటే నాకు చెప్పాలె. పైసలకెందుకు చెప్పినవ్?”

ఆమె కారెక్కలేదు. తుంపరలో ఆటో ఆపుకుని వెళ్లిపోయింది. దుర్గవ్వ అతనివైపు జాలిగా చూసి, బుట్టకు ఇంకాస్త నిమ్మకాయ ఉప్పు రాసి ఇచ్చింది.

ఆ సాయంత్రం మొదటి వార్త ఏమిటో ప్రిన్స్‌కు చూడకముందే తెలుసు. ఆదివారం చదివిన పేర్లలో చాలా పేర్ల వెనక ఉన్నది ఒకే మనిషని, అతని పేరు ప్రిన్స్ అని, ఆ పైసలన్నీ తిరిగి పంపేశామని, అడిగి రూఢి చేసుకోకపోవడం తమ తప్పని ఆమె చదివింది. గొంతు వణకలేదు. ఊరంతా ప్రిన్స్‌ను చూసి నవ్వింది. అది అతను ఓర్చుకున్నాడు. ఆమె ఫోన్ ఎత్తకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

మర్నాడు దుర్గవ్వ బండి మనుమరాలికి అప్పజెప్పి, జిరాక్స్ షాపు మెట్లు ఆయాసపడుతూ ఎక్కిందట. “నా పేరు ఊరంత చదివినవ్ గద బిడ్డా. అది అబద్ధమెందుకు గావాలె? ఇగో తీసుకో, నా పిడికెడు,” అందట. రాజయ్య వెళ్లాడు. డ్రైవర్లు ఒక్కొక్కరే వెళ్లారు. మహేషైతే, “వాని పైసలతోని నా పేరు వాడుకుంటడా?” అని ప్రిన్స్ ముందే తిట్టి మరీ వెళ్లాడు. అందరూ రాలేదు. అయినా రోజూ కాకపోయినా, వారానికి నాలుగు సాయంత్రాలైనా వచ్చేలా కబురు నిలబడింది.

ప్రిన్స్ కూడా వెళ్లాడు, మెట్ల కింది దాకా. పైనుంచి ఆమె వార్తలు చదువుతున్న గొంతు వింటూ కాసేపు నిలబడి, తిరిగి వచ్చేశాడు. చెప్పాల్సింది ఆమెకు చెప్పకుండా చుట్టూ తిరిగినవాడికి ఇప్పుడు పైకెక్కే మొహం లేదనిపించింది.

శ్రావణంలో క్యాబ్ డ్రైవర్లంతా కలిసి, సవారీ కోసం కాచుకునే చోట నీడ, తాగే నీళ్లు కావాలని అర్జీ పెట్టారు. అందరి తరఫున మాట్లాడింది ప్రిన్స్. ఆ సాయంత్రం చాయ్ హోటల్లో డ్రైవర్లంతా మహేష్ ఫోను చుట్టూ మూగారు. ప్రిన్స్ దూరంగా నిలబడ్డాడు.

నీలం గుడ్డ ముందు జెరూషా లేదు. కళ్లజోడు సర్దుకుంటూ శంకరయ్య సార్ కూర్చుని ఉన్నాడు. క్లాసులో పాఠం చదివినట్టే, ఒక్కో మాట విడదీసి చదివాడు:

“డ్రైవర్ల వార్తకు ముందు ఒక గమనిక. ఈ వార్తలో ప్రిన్స్ అనే వ్యక్తి ఉన్నారు. మా విలేకరి జెరూషా ఆయనను ప్రేమిస్తున్నారు. ఈ సంగతి చూసేవాళ్ల దగ్గర దాచడం మా నియమాలకు విరుద్ధం. కనుక ఈ వార్త సేకరణలో గానీ, రాయడంలో గానీ, చదవడంలో గానీ ఆమె పాలు పంచుకోలేదు. ఇక వార్త.”

వార్త ఎవరూ వినలేదు. హోటల్లో అన్ని తలలూ ప్రిన్స్‌వైపు తిరిగాయి. మహేష్ అతని చేతిలోని చాయ్ గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. “ఇంక ఏం చూస్తున్నవన్నా? ఉరుకు!”

మెట్లు రెండేసి ఎక్కుతూ వెళ్లాడు. వాన లేదు గానీ చెమటతో మళ్లీ అలాగే తడిశాడు. గదిలో జెరూషా, శంకరయ్య సార్, టిఫిన్ డబ్బాలు తెచ్చిన ప్రేమమ్మ ఉన్నారు. జెరూషా మొహం ఎర్రగా కందిపోయింది.

“కమిటీకి కంప్లైంటున్నది,” అన్నాడు ప్రిన్స్ రొప్పుతూ.

“ఏమిటయ్యా అది?” అన్నాడు సార్.

“గమనికల ఒక దిక్కు మాటనే చెప్పిండ్రు. రెండో దిక్కు అడగనే లేదు. నన్నడిగితే నేను గూడ చెప్తుంటి గద.” ఆమెవైపు తిరిగాడు. “జెరూషా, నేను నిన్ను ప్రేమిస్తున్న. ఈసారి ఎవ్వరి పేరు మీద కాదు. నా పేరు మీదనే.”

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కంప్లైంట్ న్యాయమైనదే. సవరణ రేపు, అదే చోట, అంతే సేపు.”

“నేనే చదువుత సార్,” అంది జెరూషా. నవ్వాపుకోవడం ఆమె వల్ల కాలేదు.

ప్రేమమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “వీళ్లమ్మ నాకెరుకనే. ప్రతి ఆదివారం పిడికెడు అంటది గానీ, దోసెడు పోస్తది. అదే బుద్ధి వీనికొచ్చింది.” డబ్బా మూత తీస్తే గదంతా బిర్యానీ వాసన. “కూసో బిడ్డా, తిను.”

ప్రిన్స్ ప్లేటు ఖాళీ చేసి మొహమాటంగా డబ్బావైపు చూశాడు.

“ఒక్క ప్లేటే. రూలున్నది,” అంది జెరూషా.

“రూలు నీ వార్తలకే, నా వంటకు లేదు,” అని ప్రేమమ్మ అతనికి రెండో ప్లేటు వడ్డించింది.