మూడుసార్లు వచ్చిన నెంబరు

"ఏ నెంబరూ రాలేదని చెప్తాండా కదా! ఎన్నిసార్లు అడుగుతావు?"

ఫోనులో చెల్లెలి మీద గయ్యిమని లేచింది అరుణజ్యోతి. కుట్టుమిషను మీద రవిక సగం కుట్టి వదిలేసి ఉంది. ఫోను చెవి దగ్గర్నుంచి దించి చూసుకుంది. ఆరంకెల నెంబరు... వచ్చి ఒక్క నిమిషం కూడా కాలేదు!

"ఇంకొకసారి చూడక్కా... ఐదింటికి సైటు మూసేస్తారంట. ఆ నెంబరు చెప్పకుంటే దరఖాస్తు ముందుకు పోదంట!" అవతల్నుంచి బతిమాలింది త్రివేణి.

"రాలేదంటే రాలేదు!" ఠక్కున పెట్టేసింది అరుణ.

తనకల్లు బస్టాండు దగ్గర శశికుమార్ నెట్ సెంటరులో కూర్చుని ఉంది త్రివేణి. పక్కన నాయన కుళ్లాయప్ప. డిగ్రీ దరఖాస్తుల మొదటి విడతకు ఆ రోజే ఆఖరు. ఎవరి ఫోను నెంబరు ఇస్తే వాళ్లకు ఓటీపీ వస్తుంది. అది చెబితేనే కంప్యూటరు మాట వింటుంది. ఆ నెంబరును అరుణ గొంతులోనే నొక్కేసింది!

అరుణ చెడ్డది కాదమ్మా... చెల్లెలికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన పిల్లే. కానీ కడుపులో రగిలే మంటకు మంచీ చెడూ తెలుస్తాయా! మూడేళ్ల కిందట ఇంటర్‌లో తనకు వచ్చిన మార్కులు ఇప్పుడు త్రివేణికి వచ్చినవాటికంటే నలభై ఎక్కువ. అనంతపురంలో చదువుతానని ఎంత సంబరపడిందో! ఆ ఏడే బోరు ఎండిపోయింది, అమ్మకు ఆపరేషనయింది. "ఒక్క ఏడు ఆగు పాపా" అన్నాడు నాయన. ఆగింది. ఆ ఒక్క ఏడు మూడేళ్లయింది. ఊళ్లో ఆడవాళ్ల రవికలన్నీ ఆమె కుట్టినవే ఇప్పుడు. ఒక్కరంటే ఒక్కరు, నీకు చదువుకోవాలని లేదా అని అడిగిన పాపాన పోలేదు!

ఇక త్రివేణికి? సంగటి ముద్ద మీద నెయ్యి ముందు దానికే. టీ కొట్టు దగ్గర నాయన నోట ఒకటే మాట... "మా చిన్నపాప అనంతపురంలో డిగ్రీ చదవబోతాది!" చిన్నపాప, చిన్నపాప! పెద్దపాప అనేది ఈ ఇంట్లో పుట్టలేదా?

అదంతా ఓర్చుకుంది. ఆ ఉదయం జరిగింది మాత్రం ఓర్చుకోలేకపోయింది. ట్రంకుపెట్టె తెరిస్తే తన నీలం ఫైలు కనిపించలేదు. మార్కుల మెమో, టీసీ దాచుకున్న ఫైలు. త్రివేణి దాన్ని చంకలో పెట్టుకుని వాకిలి దాటుతుంటే చూసింది. చివరికి ఆ ఫైలు కూడా దానికే కావాల్సి వచ్చిందా! తన కాగితాలు ఏ మూల పారేసిందో... అరుణ పళ్లు పటపట కొరికింది.

మూడోసారి ఓటీపీ వచ్చింది. చూసింది. చెరిపేసింది. ఫోను కట్టేసి మిషను తొక్కడం మొదలుపెట్టింది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ వంకరే!

ఆరు గంటలకు త్రివేణి ఏడ్చి ఉబ్బిన ముఖంతో ఇంట్లోకి వచ్చింది. వెనకాల కుళ్లాయప్ప తల వంచుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. తల్లి చౌడేశ్వరి పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? కాలేదా?"

"లేదమ్మా... సైటు మూసేసినారు..." అంది త్రివేణి.

అరుణ గుండెలో ఒక్క క్షణం ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ వెంటనే భయమేసింది. నిజంగానే దాని సీటు పోయిందా? నేనే పోగొట్టినానా!

"నీ చదువు..." అనబోయింది.

"నాది నిన్ననే అయిపోయిందక్కా, నాయన నెంబరుతో!" త్రివేణి వెక్కుతూ నీలం ఫైలు తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది. "ఈ పొద్దు పోయింది నీ కోసం! నీది పెడదామని!"

అరుణ ఫైలు విప్పింది. తన మెమో. తన టీసీ. ఇంటర్ హాల్‌టికెట్ కోసం దిగిన తన ఫోటో... ఒక్కటీ ఎక్కడికీ పోలేదు!

"ఒక నెంబరుకు ఒక దరఖాస్తేనంట. అందుకే నీ నెంబరు ఇచ్చినా. చెప్తే వద్దంటావని దాచినాం. సీటొచ్చినాక చెప్దామనుకున్నాం..."

"ఈ తూరి చేన్లో శెనక్కాయ బుడ్డలు నేనూ మీ అమ్మా పెరుక్కుంటాంలే పాపా, మీరిద్దరూ పోండి అనుకున్న్యా..." కుళ్లాయప్ప తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు. "ఆ దిక్కుమాలిన నెంబరు రాకపాయ!"

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. గొయ్యి తాను తీసింది, పడింది తానే, పైన నిలబడి ఏడుస్తున్నది చెల్లెలు! చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ నెంబరు రాలేదని జన్మంతా అనుకుంటారు. కానీ నాయన కళ్ల నీళ్లు చూశాక నోరు ఆగలేదు.

"వచ్చింది నాయనా... మూడుసార్లు వచ్చింది. నేనే చెప్పలే!"

కుళ్లాయప్ప కళ్ల మీది తువ్వాలు దించి పెద్దకూతురి వైపు చూశాడు.

"దానిదే అనుకున్న్యా. దానికి సీటు రాకూడదని..." చౌడేశ్వరి చెయ్యి ఎత్తింది. కొట్టలేక దించేసింది.

త్రివేణి అక్కనే చూస్తూ ఉండిపోయింది. "నా సీటు పోవల్లనుకున్నావా... అక్కా?"

అంతే అడిగింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు! ఒకే చాప మీద పడుకున్నా చెరొక గోడ వైపు తిరిగేవాళ్లు. అరుణ సంగటి ముద్ద మీద నెయ్యి వేసి పళ్లెం ముందు పెడితే, త్రివేణి నెయ్యి పక్కకు తీసి తినేది. కొట్టినా బాగుండేదని అరుణ ఎన్నిసార్లు అనుకుందో!

పదో రోజు ఉదయం గుమ్మంలో నిలబడింది త్రివేణి. చంకలో నీలం ఫైలు.

"రెండో విడత తెరిచినారంట. లే. ఫోను పెట్టుకో."

నెట్ సెంటరులో శశికుమార్ అన్నీ నింపి ఆగాడు. "ఏమ్మా, పోయిన తూరి చానా తిప్పలు పడితిమి, మధ్యలో నెంబరు మార్చనీలేదు ఆ సైటు. ఈసారి నా నెంబరే వేసేద్దునా? గబాన అయిపోతాది."

అరుణ తల దించుకుంది. అదే మంచిది, నా నెంబరుకు ఆ అర్హత లేదు, అనుకుంది.

"వద్దన్నా, మా అక్క నెంబరే వెయ్యి," అంది త్రివేణి. అక్క వైపు చూడలేదు. కానీ బల్ల కింద ఆమె వేళ్లు అక్క చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాయి.

అరుణ ఒళ్లో ఫోను మోగింది. కళ్లనిండా నీళ్లు, తెర మీద అంకెలు అలుక్కుపోతున్నాయి...

"వచ్చిందా అక్కా?"

"వచ్చింది! వచ్చిందే!" పమిటతో తెర తుడుచుకుని, బయట బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా, ఒక్కొక్క అంకె చదివి వినిపించింది అరుణజ్యోతి.